ఒరీతమ్మ క్రిస్మస్ ఎవరి మీద?

రేవు పట్నం బుకానన్‌లో పాత రైలు కట్ట పక్కనున్న మా వీధిలో క్రిస్మస్ నాడు ఎవరూ శుభాకాంక్షలతో మొదలుపెట్టరు. మనిషి కనబడగానే, అతను నోరు తెరిచేలోపు, "నా క్రిస్మస్ నీ మీదే!" అనేస్తారు. అంతే, ఎదుటివాడు దొరికిపోయినట్టే. ఒక నారింజపండో, గ్లాసుడు అల్లం పానకమో, ఏమీ లేకపోతే జేబులో ఉన్న గుప్పెడు వేరుశెనగలో ఇచ్చి బయటపడాలి. ఇందులో చిన్నా పెద్దా లేదు, సిగ్గూ శరమూ లేవు. పాస్టరుగారిని చర్చి మెట్ల మీదే పట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఏడాదంతా బిగుసుకుని తిరిగే తాపీ మేస్త్రీ కూడా ఆ రోజు నవ్వుతూ చెయ్యి చాపుతాడు.

ఒరీతమ్మ మాత్రం ఆ మాట అందరిచేతా అనిపించుకునేదే గాని తను అనేది కాదు. పొద్దున్నే వాకిట్లో బల్ల వేసుకుని కూర్చునేది. భారీ మనిషి, తలకి ఎర్రగుడ్డ, గొంతు వీధి చివరిదాకా వినబడుతుంది. బల్ల మీద అరిటాకుల్లో చుట్టిన బియ్యప్పిండి రొట్టె పొట్లాలు, ఒక్కోదానికీ నారతో కట్టిన కాగితం పువ్వు. ఆ పువ్వుల కోసం వానలు తగ్గినప్పటి నుంచీ పాత కేలండర్లూ బిస్కట్ పొట్లాల కాగితాలూ పోగుచేసి కత్తిరించేది. ఎవరొచ్చి, "ఒరీతమ్మా, నా క్రిస్మస్ నీ మీదే" అన్నా ఒక పొట్లం చేతిలో పెట్టి, "పో, తిని బాగుపడు" అనేది.

ఆ రొట్టె సంగతి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. బియ్యం నానబోసి, రోట్లో దంచి, జల్లించి, బాగా మగ్గిన అరటిపళ్ళు పిసికి కలిపి, జాజికాయ గీరి వేసి, మందపాటి ఇనప గిన్నెలో పోస్తుంది. గిన్నె కింద బొగ్గులు, మూత మీద బొగ్గులు. పైనా కిందా ఒకేలా ఎర్రబడి, లోపల మెత్తగా ఉంటుంది. ఆ వాసన వస్తే కట్ట అవతల వాళ్ళు కూడా ఇటువైపు ఏదో పని కల్పించుకుని వచ్చేవారు.

ఇంత పెట్టే మనిషిలో తప్పేముంది అంటారేమో. ఆమెతో ఒకే వీధిలో కాపురం ఉండి చూడండి. ఆమె మనకి పెడుతుంది, మనం పెడితే తీసుకోదు. గిన్నెలో చేపల పులుసు పోసి పంపితే సాయంత్రానికి అదే గిన్నె నిండా పిండివంటలు తిరిగొస్తాయి. నీళ్ళ బిందె ఎత్తబోతే, "నాకేం చేతులు లేవా?" అంటుంది. ఆమె ముందు మేమంతా ఎప్పుడూ తీసుకున్నవాళ్ళమే. కొన్నాళ్ళకి అది ఒంటికి గుచ్చుకుంటుంది.

దీనికి వెనక ఒక కథ ఉంది. ఒరీతమ్మ పుట్టింది అడవి లోపలి ఊళ్ళో. చదువుకుంటుందని చిన్నప్పుడే ఇక్కడి ఒక పెద్ద ఇంటికి పెంపకానికి పంపారు. చదువు కొంచెం, చాకిరీ చాలా. ఆ ఇంట్లో మొదటి క్రిస్మస్ నాడు, వీధి పిల్లలందరూ అంటున్నారు కదా అని, కొత్త గౌను వేసుకున్న ఇంటావిడ దగ్గరికి పరుగెత్తి, "అమ్మా, నా క్రిస్మస్ నీ మీదే!" అంది. చుట్టాలందరూ కూర్చుని ఉన్నారు. ఆవిడ నవ్వింది. "ఏడాదంతా నా మీదే పడి తింటున్నావు, ఇంకా క్రిస్మస్ కూడా నా మీదేనా?" అంది. చుట్టాలు కూడా నవ్వారు. ఆ పిల్ల ఆ రోజు ఏమీ తినలేదు. ఆ తరవాత ఆమె నోట ఆ మాట విన్నవాళ్ళు లేరు.

రేవులో పనిచేసే వీగర్‌ని పెళ్ళాడింది. అతను సరదా మనిషి. "పెళ్ళి చేసుకుందామని నేనే అడిగాను, నువ్వు అడుగుతావని కూర్చుంటే ఇద్దరం ముసలివాళ్ళమై పోయేవాళ్ళం" అని అందరి ముందూ ఏడిపించేవాడు. యుద్ధం రోజుల్లో ఇల్లు వదిలి పారిపోయినప్పుడు ఆమె నెత్తిన పెట్టుకుని మోసింది ఆ ఇనప గిన్నెనే. తిరిగొచ్చాక అందులోనే వండి అమ్మి ఇల్లు నిలబెట్టింది. పిల్లలు పుట్టలేదు. అక్క కూతుళ్ళిద్దరిని పెంచి పెళ్ళిళ్ళు చేసింది, వాళ్ళు కొత్త సంవత్సరానికి వస్తారు. వీగర్ పోయాక కూడా ఆమె వాకిట్లో బల్ల ఏ క్రిస్మస్‌కీ ఖాళీగా లేదు.

ఇక గార్మాయ్. ఒరీతమ్మ ఇంటికి ఎదురిల్లు. బట్టలు కుడుతుంది, నోటికి అడ్డూ ఆపూ లేదు, మనసు మాత్రం వెన్న. వచ్చిన కొత్తలో ఒరీతమ్మంటే ప్రాణం పెట్టేది. ఒక క్రిస్మస్‌కి ఆకుపచ్చ గుడ్డ మీద పసుపు పక్షులున్న జాకెట్టూ, నడుముకి చుట్టుకునే గుడ్డా స్వయంగా కుట్టి తెచ్చింది. ఒరీతమ్మ తీసుకుంది, బాగుందంది. సాయంత్రానికల్లా గార్మాయ్ గుమ్మంలో ఒక కోడి, ఒక బియ్యం మూట దిగాయి.

గార్మాయ్ ఆ కోడిని చంకలో పెట్టుకునే వచ్చింది. "ఏంటక్కా ఇది? నేను నీకు అమ్మానా?"

"ఊరికే ఎందుకు తీసుకుంటానే? నాకు అలవాటు లేదు."

"ఊరికే ఇచ్చింది ఊరికే తీసుకోలేవా? అంటే నా చేతిది నీ ఒంటికి సరిపడదన్నమాట."

కోడి అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. దెబ్బలాట ఏమీ లేదు. పొద్దున్న కనబడితే పలకరింపులున్నాయి. కానీ గార్మాయ్ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఒరీతమ్మ ఆ జాకెట్టు ఎన్నడూ తొడుక్కోలేదు. ఎదురెదురు ఇళ్ళ మధ్య అంత వెడల్పు దారి ఉందని మాకు అప్పుడే తెలిసింది.

ఈ ఏడాది క్రిస్మస్‌కి కొద్దిరోజుల ముందు ఒరీతమ్మ నూతి పళ్ళెం మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఎముకలు కట్టే ముసలాయన వెదురు పుల్లలు పెట్టి గట్టిగా బిగించి, "ఈ చేత్తో చెంచా కూడా ఎత్తకు" అని చెప్పి వెళ్ళాడు. వీధంతా వరసగా వచ్చింది. దంచమంటావా అని ఒకరు, బొగ్గులు తెమ్మంటావా అని ఇంకొకరు.

"ఏం అక్కర్లేదమ్మా. గీసుకున్నంత దెబ్బకి ఇంత ఊరేగింపా?" అని అందర్నీ పంపేసింది. గార్మాయ్ మాత్రం తన గుమ్మంలోంచే చూసి ఊరుకుంది. ఒకసారి చెయ్యి కాల్చుకున్నాక మళ్ళీ ఎందుకు పెడుతుంది?

ఒరీతమ్మకి మాత్రం చెయ్యి నొప్పి కన్నా బల్ల గురించిన బెంగే ఎక్కువ. క్రిస్మస్ నాడు తన వాకిట్లో ఏమీ లేకపోతే వీధిలో తనెవరు? ఇంతకాలం పెట్టిన చెయ్యి చాచాలంటే ప్రాణం మీదికొచ్చినట్టుంది. ఎలాగైనా తనే చేస్తుంది. ఎవర్నీ అడగదు.

ఎడంచేత్తో రోకలి పట్టి దంచింది. రెండు పోట్లు రోట్లో పడితే మూడోది నేల మీద పడింది. అయినా పిండి తయారుచేసింది. కాగితం పువ్వులు పళ్ళతో పట్టుకుని మడిచింది, అవి పువ్వుల్లా లేవు, నలిగిన సీతాకోకచిలుకల్లా ఉన్నాయి. పండగ పొద్దున ప్రార్థనకి కూడా వెళ్ళకుండా మొదటి వాయి పోసి, కిందా పైనా బొగ్గులు పెట్టింది. వాసన వచ్చింది. సగం దాకా అంతా బాగానే ఉంది. ఉడికిందో లేదో చూద్దామని నిప్పుల మూతని ఎడంచేత్తో పటకారుతో ఎత్తింది. మూత ఒక పక్కకి ఒరిగింది. ఎర్రటి బొగ్గులూ బూడిదా మొత్తం రొట్టెలో పడ్డాయి. పొగ చిమ్మింది.

ఒరీతమ్మ అక్కడే పీట మీద కూర్చుండిపోయింది. పక్కన పళ్ళెంలో ఇంకా పిండి ఉంది, గెలలో పళ్ళు మగ్గి నల్లమచ్చలు పడి ఉన్నాయి. కానీ ఆ మూత మళ్ళీ ఎత్తే ధైర్యం ఆమెకి లేదు. ఏడుపొచ్చింది. లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది.

ప్రార్థన అయిపోయి జనం వీధిలోకి వచ్చారు. "నా క్రిస్మస్ నీ మీదే!" అని అటూ ఇటూ అరుపులు, నవ్వులు. ఒరీతమ్మ వాకిట్లో బల్ల లేకపోవడం అందరూ చూశారు. ఒకరిద్దరు తలుపు దాకా వచ్చి తట్టకుండానే వెనక్కి తిరిగారు. లోపల ఆమె ఆ అడుగుల చప్పుడు వింటూనే ఉంది.

ఎండ ఎక్కాక డబ్బాల మోత మొదలైంది. ముష్టితాత బయల్దేరాడన్నమాట. ఎక్కడో దేశాల్లో క్రిస్మస్ తాత బహుమతులు పంచుతాడట. మా తాత అడుక్కుంటాడు. గడ్డి గడ్డం, పొడుగు ముక్కు ముసుగు, వీపున దిండు, పొట్టకి ఇంకో దిండు, ఒకదాని మీద ఒకటి వేసుకున్న చిరుగుల కోట్లు, చేతిలో కర్ర, భుజాన సంచి. లోపలున్నది గార్మాయ్ మొగుడు బార్చూ అని కుక్కలకి కూడా తెలుసు. కానీ ఆ పేరు ఎవరూ ఎత్తకూడదు, తాత నోరు విప్పకూడదు. ఆయన బదులు పక్కన నడిచే మనిషి మాట్లాడాలి. ఈసారి ఆ మాటకారి గార్మాయ్.

ఆటా పాటా ఇంటింటికీ ఆగుతూ ఒరీతమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. తాత కర్రతో తలుపు కొట్టాడు.

"అమ్మగారూ!" అని గార్మాయ్ రాగం తీసింది. "తాత పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదు! ఆ చివరింట్లో పులుసూ, ఈ మూలింట్లో కోడికూరా తప్ప!"

జనం నవ్వారు. లోపల్నుంచి చప్పుడు లేదు. తాత మళ్ళీ కొట్టాడు. ఆ తరవాత తలుపు తీయని ఇళ్ళ దగ్గర ముష్టితాత చేసే పనే చేశాడు. గుండె పట్టుకుని, గిరగిరా తిరిగి, గడపకి అడ్డంగా వెల్లకిలా పడిపోయాడు. ఇంటివాళ్ళు ఏదో ఒకటి తెచ్చేదాకా లేవడు. అది ఆయన పట్టు.

"అయ్యో, తాత పోయాడర్రా! ఒరీతమ్మ వాకిట్లో ఆకలికి పోయాడు!" అని గార్మాయ్ శోకాలు మొదలుపెట్టింది. డబ్బాలు ఆగిపోయాయి. ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ నవ్వారు.

కాసేపటికి నవ్వులు సన్నగిల్లాయి. ఎండ మండుతోంది. రెండు దిండ్లూ అన్ని కోట్లూ తొడుక్కుని తాత కదలకుండా పడున్నాడు. లోపల ఒరీతమ్మకి కంగారు పుట్టింది. ఆ బార్చూ ఎంత మొండివాడో ఆమెకి తెలుసు. నిజంగానే పోతాడు గాని లేవడు. గడియ తీసింది.

ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గౌను నిండా బూడిద. కుడిచెయ్యి గుండెకి కట్టి ఉంది.

"ఏమీ లేదు" అంది.

ఆ మాట ఆ గుమ్మంలో మేమెప్పుడూ వినలేదు.

"రొట్టెలో నిప్పులు పడ్డాయి. ఒక్క చేత్తో మూత ఎత్తలేకపోయాను. ఈ ఏడాది నా దగ్గర ఏమీ లేదు, వెళ్ళండి."

తాత లేవలేదు. గార్మాయ్ మొహంలో అప్పటిదాకా ఉన్న వేళాకోళం పోయింది. ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మగారూ, తాత ఒకటి అడగమంటున్నాడు" అంది, మాటకారి రాగంలోనే. "ఇవ్వడానికి చెయ్యి లేదు సరే. అడగడానికి నోరు కూడా లేదా?"

ఒరీతమ్మకి చురుక్కుమంది. నలుగురిలో, పండగపూట, తన గుమ్మంలోనే! తలుపు మొహాన వేద్దామనుకుంది. తాత అడ్డంగా పడున్నాడు, తలుపు పడదు. కిందికి చూసింది. ముసుగు కన్నాల్లోంచి బార్చూ కళ్ళు చెమటతో మిటకరిస్తూ ఆమెనే చూస్తున్నాయి. అంత మనిషి, పెళ్ళాం బిడ్డలున్నవాడు, వీధంతా చూస్తుండగా మట్టిలో పడి అడుక్కుంటున్నాడు, వాడికి లేని నామోషీ తనకెందుకు అనిపించింది. కోపంలోనే అనేసింది.

"తాతా, నా క్రిస్మస్ నీ మీదే!"

ముష్టితాత దగ్గర ముష్టి అడిగినవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు. వీధి విరగబడి నవ్వింది. డబ్బాలు మోగాయి. చచ్చిన తాత లేచి కూర్చున్నాడు. అడిగినవాళ్ళకి లేదనకూడదు కదా, సంచి తీసి ఆమె కాళ్ళ ముందు బోర్లించాడు. నారింజపళ్ళు దొర్లాయి, ఉడికిన గుడ్డు ఒకటి చితికింది, ఎవరో ఇచ్చిన సబ్బుబిళ్ళ కూడా పడింది.

ఒరీతమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే గార్మాయ్ వైపు చూసింది. అసలు అడగాల్సింది ఇప్పుడే అని ఆమెకి తెలుసు. ముసుగుని అడగడం ఆటే. మనిషిని అడగడం వేరు.

"గార్మాయీ."

"ఊఁ."

"నా క్రిస్మస్..." సగంలో ఆగి, మొదటినుంచీ మళ్ళీ అంది. "నా క్రిస్మస్ నీ మీదే."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఏం కావాలక్కా?"

"చేతులు. పిండి ఉంది, పళ్ళున్నాయి. నాకు నీ రెండు చేతులూ కావాలి."

గార్మాయ్ వెంటనే కదల్లేదు. "సాయంత్రం నా గుమ్మంలో కోడిని కట్టెయ్యవుగా?"

"కట్టనే."

"మేకని?"

"నీ మొహం! లోపలికి రా!"

గార్మాయ్ నడుము గుడ్డ బిగించుకుని తాతని దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు వచ్చింది అసలు చిక్కు. మాటకారి వెళ్ళిపోతే తాత తరఫున మాట్లాడేదెవరు? మిగిలిన ఇళ్ళకి వెళ్ళడం ఎలా?

"మరి నా సంగతేంటే?" అని ముసుగులోంచి వినిపించింది.

వీధంతా ఒక్కసారిగా ఆకాశం వైపు చూసి, కాకుల గురించి మాట్లాడుకుంది. ఎవరూ ఏమీ వినలేదు. తాత పాపం గోడ నీడకి జరిగి, ఒక నారింజపండు తీసుకుని గడ్డం కిందినుంచి తినడం మొదలుపెట్టాడు.

లోపల గార్మాయ్ అరటిపళ్ళు వొలిచి పిసుకుతోంది. ఒరీతమ్మ పక్కన నిలబడి, "అలా కాదే, వేళ్ళతో కాదు, అరచేత్తో నొక్కు. జాజికాయ ఇంకొంచెం. అబ్బ, అంత పంచదార ఎవరు వెయ్యమన్నారు?" అని సణుగుతోంది.

"అక్కా, కూర్చో."

"నేను కూర్చుంటే..."

"నీ క్రిస్మస్ నా మీద పడేశావా లేదా? పడేశాక అది నాది. నా ఇష్టమొచ్చినట్టు చేస్తాను."

ఒరీతమ్మ కూర్చుంది. కూర్చుని తన వంటింట్లో ఇంకొకరు తిరగడం చూడటం ఆమెకి అదే మొదటిసారి. ఖాళీగా ఉన్న ఎడంచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంతలో మూలింటావిడ బొగ్గుల బుట్టతో వచ్చింది. ఇంకెవరో కూజాతో అల్లం పానకం తెచ్చి, గొంతు మండేంత ఘాటుది, గ్లాసులో పోసి చేతికిచ్చారు. ఎవరో పెరట్లో అరిటాకులు కోసి తుడుస్తున్నారు. వద్దనే మాట నోటిదాకా వచ్చిన ప్రతిసారీ ఒరీతమ్మ పానకం ఒక గుక్క తాగి దాన్ని లోపలికి తోసేసింది. పానకం అయిపోయేసరికి నిజంగానే హాయిగా అనిపించింది. ఒళ్ళు తేలికపడింది.

గార్మాయ్ రెండు చేతులా మూత పట్టి, పక్కకి ఒరగకుండా ఎత్తింది. రొట్టె పొంగింది. ఒక పక్క కొంచెం మాడింది, నడిమి కాస్త కుంగింది, కానీ వాసన మాత్రం కట్ట దాటి పోయింది. వాకిట్లో బల్ల వేశారు. ఎండ చల్లబడేసరికి వీధి మొత్తం అక్కడే చేరింది. ముష్టితాత కూడా లేచి గడ్డం దులుపుకుని వరసలో నిలబడ్డాడు.

గార్మాయ్ మొదటి ముక్క కోసింది. ఆకులో చుట్టలేదు, పువ్వూ కట్టలేదు. వేడిగా ఉన్నదాన్ని వేళ్ళ మీదే ఊదుకుంటూ తెచ్చి ఒరీతమ్మ ఎడంచేతిలో పెట్టింది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు.

ఒరీతమ్మ నెమ్మదిగా నమిలింది.

"ఎలా ఉందక్కా?"

"పంచదార ఎక్కువైంది. అడుగు మాడింది. పళ్ళు సరిగ్గా నలగలేదు."

గార్మాయ్ మొహం ముడుచుకుంది. "అయితే?"

ఒరీతమ్మ ఖాళీ చెయ్యి ముందుకి చాపింది.

"ఇంకో ముక్క పెట్టు."